శనగలూ – పళ్ళూ

పళ్ళున్నవాడికి శనగలు లేవు, శనగలున్నవాడికి పళ్ళు లేవు అని మన పెద్దలు ఏనాడో ఒక సామెత చెప్పి ఊరుకున్నారు. దైవం చేసిన పంపకంలోని వక్రతను చూసి నవ్వుకోవడానికి పుట్టిన మాట అది. కాని నెలజీతం మీద బ్రతికే మధ్యతరగతి మనిషి విషయంలో ఆ పంపకం దైవం చేసినది కాదు. మనిషి తనకు తానే చేసుకొంటున్నది. ఒకడు పళ్ళు గట్టిగా ఉన్న రోజులలో శనగలన్నీ డబ్బాలో పోసి మూత బిగిస్తాడు. మూత తీసే వేళకు నమలడానికి పళ్ళుండవు. మరొకడు వచ్చిన శనగలు వచ్చినట్లే నమిలివేసి, ముసలితనంలో పొరుగింటి డబ్బా వైపు చూస్తాడు. మొదటివాణ్ణి బుద్ధిమంతుడని మెచ్చుకోవడం, రెండవవాణ్ణి దుబారా మనిషి అని ఆక్షేపించడం మనకు వాడుక. ఆ వాడుక ఎంతవరకు న్యాయం? పడుచుదనంలో గడించిన సొమ్ములో రేపటికి దాచవలసినదెంత, ఇవాళ అనుభవించవలసినదెంత?

ఈ ప్రశ్న నాకు అర్థశాస్త్ర గ్రంథాలలో ఎదురైనది కాదు. మా ఇంట్లోనే ఎదురయింది. 2018లో మా మేనల్లుడికి హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. అప్పటికి వాడి వయస్సు ఇరవై నాలుగు. మొదటి జీతం అందుకొని, ఒక ఆదివారం నాడు మిఠాయి పొట్లంతో వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

“మామయ్యా, అమ్మను ఒకసారి కన్యాకుమారి తీసుకొని వెళ్ళాలని ఉంది. రైలు ఖర్చూ, బసా అన్నీ కలిపి పన్నెండువేలలో తేలుతుంది. మీరేమంటారు?” అన్నాడు.

ఆ కోరికకు కారణం లేకపోలేదు. వాడి తల్లి, అంటే మా అక్కయ్య, ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. ముప్పై ఏళ్ళపాటు గోడమీది భారతదేశ పటంలో బెత్తం కొనతో కన్యాకుమారిని చూపించి, అక్కడ మూడు సముద్రాలు కలుస్తాయని పిల్లలకు పాఠం చెప్పింది. తాను మాత్రం బందరు సముద్రం తప్ప మరొక సముద్రం ఎరగదు.

నేను లోకజ్ఞానం కలవాడిని గదా! “నాయనా, ముందు పబ్లిక్ ప్రావిడెంటు ఫండులో ఖాతా తెరువు. ఆ పన్నెండువేలూ అందులో వెయ్యి. కన్యాకుమారి ఎక్కడికి పోతుంది?” అన్నాను. వాడు పెద్దల మాట వినే పిల్లవాడు. నేను చెప్పినట్లే చేశాడు. ఆ పన్నెండువేలు వడ్డీతో కలిసి ఏడేళ్ళలో ఇరవైవేలకు చేరువయింది. నా లెక్క ఎక్కడా తప్పలేదు. కన్యాకుమారి కూడా ఎక్కడికీ పోలేదు. పోయినది మా అక్కయ్య చూపు. నీటికాసులనే వ్యాధి నొప్పీ సలుపూ లేకుండా వచ్చి, వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్ళే వేళకే చూపును చాలావరకు హరించివేసింది.

నాటినుంచి పొదుపును గురించి ఎవరికైనా సలహా చెప్పవలసి వస్తే నాకు నోరు పెగలడం లేదు. అట్లా అని, దాచుకోవద్దు అని చెప్పడానికీ మనస్సు ఒప్పడం లేదు. ఈ రెంటి నడుమ కొట్టుమిట్టాడుతూ నేను ఆలోచించుకొన్న నాలుగు మాటలను పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందుగా, పొదుపును గురించి మనం పిల్లలకు చెప్పే లెక్కను ఒకసారి పరీక్షించాలి. చక్రవడ్డీ మహిమను మనం గొప్పగా వర్ణిస్తాము. ఇరవై నాలుగేళ్ళవాడు వేయి రూపాయలను ఏడు శాతం చక్రవడ్డీకి వేసి నలభై ఏళ్ళు కదపకుండా ఉంచితే, వాడి అరవై నాలుగవ ఏట అది దాదాపు 15,000 రూపాయలవుతుంది. అదే వేయి రూపాయలను ముప్పై నాలుగవ ఏట వేస్తే, అదే గడువుకు 7,600 మాత్రమే అవుతుంది. పదేళ్ళ ఆలస్యం సగం ఫలాన్ని తినివేస్తుందన్నమాట. ఇంతవరకు అబద్ధమేమీ లేదు.

కాని మనం చెప్పని సగం మరొకటి ఉన్నది. ఈ నలభై ఏళ్ళలో ధరలు నిద్రపోతూ ఉండవు. ఏడాదికి ఐదు శాతం చొప్పున పెరిగినా, నేడు వేయి రూపాయలకు వచ్చే సరుకు అప్పటికి 7,000 రూపాయలు దాటుతుంది. పదిహేనువేలను ఏడువేలతో భాగించి చూడండి. నికరంగా మిగిలినది రెండింతలు. అంటే, ఇవాళ ఒక దోసెడు శనగలు మానుకొన్నవాడికి నలభై ఏళ్ళ తరువాత దొరికేవి రెండు దోసిళ్ళు, పదిహేను కావు. రెండు దోసిళ్ళు తక్కువని నేననను. కాని పదిహేను దోసిళ్ళ ఆశ చూపించి పిల్లవాడి చేతిలోని దోసెడు లాగుకోవడం ధర్మం కాదు.

ఇది కాగితం మీది లెక్క అనుకోకండి. మా తండ్రిగారు 1970లో పదివేల రూపాయలకు పాతికేళ్ళ గడువుతో జీవిత బీమా చేశారు. ప్రీమియం కట్టవలసిన నెలలో మా ఇంట్లో నెయ్యి ఉండేది కాదు. ఆనాడు పది గ్రాముల బంగారం రెండు వందల రూపాయల లోపు. పదివేలంటే అరకిలో బంగారానికి పైగా విలువ. మా ఊళ్ళో ఆ సొమ్ముకు ఒక ఇల్లు వచ్చేది. 1995లో గడువు తీరింది. బీమా వారు అన్న మాట తప్పకుండా అసలూ, బోనసూ లెక్కకట్టి ఇచ్చారు. అప్పటికి పది గ్రాముల బంగారం నాలుగు వేలు దాటి ఉన్నది. ఏ పదివేల కోసం బీమా చేశారో ఆ పదివేలకు పాతిక గ్రాములు కూడా రావు. బోనసుతో సహా వచ్చిన సొమ్ముతో పెరట్లో ప్రహరీగోడ కట్టించుకొన్నాము. ఇల్లు అనుకొన్నది గోడ అయింది. మా తండ్రిగారు ఆ గోడను చూసి నవ్వేవారు. నెయ్యి లేని అన్నం తిన్న మేము మాత్రం నవ్వలేకపోయేవాళ్ళం. ఆ పాతికేళ్ళలో ఆయనకేమైనా జరిగి ఉంటే ఆ బీమాయే మమ్మల్ని నిలబెట్టేదన్న సంగతి వేరు. బీమా చేసినది రక్షణ; మేము దానిని సంపద అనుకొన్నాము. పొరపాటు అక్కడ ఉన్నది.

దాచిన సొమ్ముకు వచ్చే వడ్డీ కూడా స్థిరమైనది కాదు. కిసాన్ వికాస్ పత్రాలను 1988లో ప్రవేశపెట్టినప్పుడు సొమ్ము అయిదున్నరేళ్ళలో రెట్టింపయ్యేది. 2023 ఏప్రిల్‌లో నిర్ణయించిన గడువు 115 నెలలు. అంటే తొమ్మిదిన్నరేళ్ళకు పైమాట. తండ్రి అనుభవాన్ని బట్టి కొడుక్కు లెక్క చెప్పడం ఇందువల్లనే ప్రమాదం.

ఇక్కడికి వచ్చేసరికి పడుచువారు కొందరు చప్పట్లు చరుస్తారు. “అందుకే గదా మేము వచ్చినది వచ్చినట్లు ఖర్చు చేస్తున్నాము!” అంటారు. వారు కాస్త ఆగాలి. లెక్క రెండవ పుట ఇంకా తిప్పలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో మనిషి సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ళు. ఇప్పుడది డెబ్బై ఏళ్ళ దరికి చేరింది. ఉద్యోగ విరమణ చేసిన మనిషి మరి ఇరవై ఏళ్ళు బ్రతకడం నేడు వింత కాదు. ఆ ఇరవై ఏళ్ళూ తినాలి, మందులు కొనుక్కోవాలి. మా తరంలో ప్రభుత్వోద్యోగికి చచ్చేదాకా పింఛను వచ్చేది. 2004 జనవరి నుంచి కేంద్రంలోను, అదే ఏడాది సెప్టెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లోను కొత్తగా చేరినవారికి ఆ పాత పద్ధతి తొలగి, ఉద్యోగి వాటా కట్టే పద్ధతి వచ్చింది. ప్రైవేటు కొలువులలోని వారిలో పెక్కుమందికి ఆ పాటి హామీ ఏనాడూ లేదు. ఇక కొడుకులే పింఛను అనుకొనే రోజులా? కొడుకు బెంగుళూరులోను, కోడలు అమెరికాలోను ఉన్న రోజులివి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కొండే లేనివాడు ఏమి కరిగిస్తాడు? తండ్రికన్న కొడుకు ఎక్కువ దాచుకోవలసిన కాలం వచ్చినదని నిస్సంశయంగా చెప్పవచ్చు.

పైగా పొదుపు ముసలితనం కోసమే అనుకోవడం కూడా పొరపాటే. 1990ల తొలి ఏళ్ళలో నెల్లూరు జిల్లాలో, దూబగుంట మొదలుగా గల పల్లెలలో స్త్రీలు సారాకు వ్యతిరేకంగా తిరగబడిన సంగతి తెలుగువారు మరచిపోలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఆ ఉద్యమం వెంటనే ఆ జిల్లాలోని స్త్రీలు రోజుకొక రూపాయి చొప్పున కూడబెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ రూపాయి వారి వార్ధక్యానికి చాలుతుందని కాదు. బిడ్డకు జ్వరం వస్తే వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కనక్కరలేదు; మగనిని దేబిరించనక్కరలేదు. ఆ ధైర్యం రేపటిది కాదు, ఆ పూటకా పూట అనుభవించేది. గుప్పెడు సొమ్ము ఇంట్లో ఉన్న మనిషి నిద్ర వేరు, లేని మనిషి నిద్ర వేరు. ఆరు నెలల తిండికి సరిపడే సొమ్ము దాచుకొన్న కుర్రవాడు అన్యాయంగా మాట్లాడిన యజమానితో “సెలవు” అని చెప్పి లేచి రాగలడు. అది యౌవనంలో అనుభవించదగిన భోగాలలో మొదటిదని నా అభిప్రాయం. కనుక ఆ మొదటి ఆరు నెలల సొమ్మును పొదుపు పద్దులో కాదు, భోగం పద్దులోనే వ్రాయాలి.

అది సమకూరిన తరువాత అసలు చిక్కు మొదలవుతుంది. మిగిలిన దానిలో ఏది దాచాలి, ఏది ఖర్చు చేయాలి? దీనికి జవాబు మన ఇళ్ళలోని ఆడవారికి ఎప్పటినుంచో తెలుసునని నాకు తోస్తున్నది. వేసవిలో మామిడికాయ వస్తే ఆవకాయ పెట్టి జాడీలో దాస్తారు. అదే వేసవిలో తాటిముంజలు వస్తాయి. వాటిని జాడీలో ఎవరూ పెట్టరు. ఆ పూటే పిల్లలను పిలిచి చేతిలో పెడతారు. ఆవకాయను మొదటి రోజే జాడీడూ తినేవాడు ఎంత తెలివితక్కువవాడో, ముంజలను ఏడాదికి దాచేవాడూ అంతే తెలివితక్కువవాడు. ఏది నిలవ ఉంటుంది, ఏది ఉండదు అన్న వివేకమే గృహిణి నేర్పు.

కోరికలలోనూ ఈ రెండు రకాలున్నాయి. తిండి, వైద్యం, తలదాచుకొనే చూరు — వీటి అవసరం వయస్సుతో తగ్గదు, పెరుగుతుంది. వీటి కోసం ఇవాళ ఒక దోసెడు మానుకొని రేపు రెండు దోసిళ్ళు పొందడం నిస్సందేహంగా లాభసాటి బేరం. కాని ఇరవై అయిదవ ఏట హిమాలయాలలో నడవాలన్న కోరిక అరవై అయిదవ ఏట తీరేది కాదు. సంగీతం నేర్చుకోవడం, ఒక కొత్త విద్యకోసం ఏడాదిపాటు జీతం వదులుకోవడం, స్నేహితుని పెండ్లికి దూరదేశం వెళ్ళిరావడం, తల్లిదండ్రుల కాళ్ళూ కళ్ళూ సరిగా ఉండగానే వారిని చూడని చోటికి తీసుకొని వెళ్ళడం — ఇవన్నీ ముంజలు. వీటికి ఏ బ్యాంకూ వడ్డీ ఇవ్వదు. గడువు దాటితే అసలు కూడా చేతికి రాదు. ధనానికి దానం, భోగం, నాశనం అని మూడు గతులున్నాయని భర్తృహరి చెప్పిన మాటను మనం లోభులను తిట్టడానికి వాడుకొంటాము. జాగ్రత్తపరునికి కూడా ఆ మూడవ గతి తప్పదు. సొమ్ము భద్రంగానే ఉంటుంది. దానితో కొనదలచినదే నశించి ఉంటుంది.

ఇప్పుడు పడుచువారికి ఒక మాట చెప్పాలి. మీరు ముంజలనుకొని తింటున్నవన్నీ ముంజలేనా? వాయిదాల మీద కొన్న ఖరీదైన సెల్‌ఫోనును తీసుకోండి. రెండేళ్ళు ఆగితే అంతకన్న మంచిది అంతకన్న చవకగా దొరుకుతుంది. అది చక్కగా నిలవ ఉండే కోరిక. కాని “ఈ ఒక్కరోజే తగ్గింపు” అని వ్యాపారి కేక వేసేసరికి, అది సాయంత్రానికి పాడైపోయే సరుకు వలె కనిపిస్తుంది. తెరమీద వేలు ఆనిస్తే సొమ్ము కదలిపోతుంది. చేతిలో నోటు లెక్కపెట్టుకొనే ఆ క్షణకాలపు సంకోచం కూడా లేకుండా పోయింది. ఆవకాయను ముంజ అని నమ్మించడం వ్యాపారి విద్య. ముంజను ఆవకాయ అని నమ్మించడం మా వంటి పెద్దల విద్య. ఈ రెండు విద్యల నడుమ నేటి కుర్రవాడు నలిగిపోతున్నాడు. వాయిదాల ఫోను కొని అప్పులపాలయ్యేదీ వాడే; అమ్మను కన్యాకుమారి తీసుకొని వెళ్ళడానికి డబ్బు లేదనేదీ వాడే.

ఎంత దాచాలి అన్న ప్రశ్నకు నిక్కచ్చి అంకె కావాలని చాలామంది అడుగుతారు. అందరికీ ఒకే అంకె చెప్పేవారిని నేను నమ్మను. మోడిగ్లియానీ అనే అర్థశాస్త్రవేత్త 1954లో బ్రంబెర్గ్‌తో కలిసి ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు; 1985లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. మనిషి తన ఆదాయాన్ని ఏ ఏటికాయేడు కాక, జీవితం మొత్తానికి పరచుకొని చూస్తాడని ఆయన వాదం. పడుచుదనంలో రాబడి తక్కువ, నడివయస్సులో ఎక్కువ, ముసలితనంలో లేదు. కనుక పొదుపు భారం ప్రధానంగా నడివయస్సు మీద పడాలి. ఇది వింటే నా సలహాలోని దోషం తేటతెల్లమవుతుంది. జీవితంలో అతి తక్కువ జీతం వచ్చే నెలలో, అతి కఠినమైన పొదుపు చేయమని నేను మేనల్లుణ్ణి శాసించాను.

అయితే నడివయస్సు వచ్చాక దాస్తానులే అనుకొన్నవాడు దాచడు; మనస్సు అట్టిది. దీనికి థేలర్, బెనార్ట్జీ అనే ఇద్దరు పండితులు ఒక ఉపాయం చెప్పారు. ఇవాళ్టి జీతంలో కోత వద్దు. రాబోయే జీతపు పెంపులో ఇంత భాగం పొదుపుకు పోవాలని ముందే ఒప్పుకొని సంతకం చేయమన్నారు. అమెరికాలో ఒక సంస్థలో అమలుచేసి చూడగా, చేరినవారి పొదుపు నలభై నెలలలో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగిందని 2004లో ప్రకటించారు. ఇది మన కుర్రవారికి కూడా చక్కగా అమరుతుంది. పెంపు వచ్చినప్పుడల్లా అందులో సగం దాచండి, సగం అనుభవించండి. చేతికి వచ్చేది ఏనాడూ తగ్గదు కనుక నొప్పి తెలియదు. దాచేది ఏటేటా పెరుగుతుంది.

పండితులదాకా ఎందుకు? మన చీటీపాటనే చూడండి. ఇరవైమంది చేరి నెలకింత చొప్పున వేసుకొంటారు. పిల్ల పెండ్లి ముంచుకొచ్చినవాడు తగ్గించి పాడుకొని ముందే తీసుకొంటాడు. తొందర లేనివాడు చివరిదాకా ఆగి, ఆ తగ్గింపులో తన వంతు లాభం పొందుతాడు. ఇవాళ్టి అవసరమూ, రేపటి ఓర్పూ ఒకే చాపమీద కూర్చుని బేరం కుదుర్చుకొనే పద్ధతి అది. తొందరకు ఇంత ఖరీదని నలుగురిలో తేల్చి చెబుతుంది. తొందరపడినవాణ్ణి ఎవరూ తిట్టరు. ఆగినవాణ్ణి ఎవరూ పిసినారి అనరు. 1982 చట్టం ప్రకారం నమోదైన చీటీ అయితే భద్రత కూడా ఉన్నది. ఇతరుల తొందరను అంత సహనంతో చూడగల మనం, ఇంట్లో పిల్లవాడి తొందరను మాత్రం దోషంగా ఎంచుతాము.

గత చలికాలంలో మా మేనల్లుడు తల్లిని కన్యాకుమారి తీసుకొని వెళ్ళాడు. వాడు నన్ను సలహా అడగలేదు. అలలు పాదాలను తాకే చోట ఆమెను నిలబెట్టి, ఎటువైపు ఏ సముద్రమో, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో చెప్పాడట. తిరిగి వచ్చిన తరువాత అక్కయ్యను చూడడానికి వెళ్ళాను. ఎట్లా ఉన్నదని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమే నా చెయ్యి తడిమి పట్టుకొని, “నేను బెత్తంతో చూపించిన చోటే ఉందిరా తమ్ముడూ. నువ్వన్నట్లు ఎక్కడికీ పోలేదు” అని నవ్వింది.

ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఈ మధ్య మా వీధి కుర్రవాడొకడు కొత్తగా ఉద్యోగంలో చేరి, జీతంలో ఎంత దాచమంటారని అడగడానికి వచ్చాడు. వెనుకటి రోజులలో అయితే, జీతమెంత అని అడిగి కాగితం, కలం అందుకొనేవాడిని. ఈసారి, మీ అమ్మగారికి వయస్సెంత అని అడిగాను.